సీసాలోని లోహం

మొయినాబాద్ దగ్గర చేవెళ్ల రోడ్డు నుంచి పక్కకు దిగితే వచ్చే పల్లె హిమాయత్‌నగర్‌లో, అరవై తొమ్మిదినాటి ఆ వేసవి మధ్యాహ్నం బయట పిట్ట కూడా లేదు. గిద్యోను సైకిలు తొక్కడం లేదు, నడిపించుకుంటూ వస్తున్నాడు. క్యారియరుకు కట్టిన చెక్కపెట్టె కుదుపుకు గురైతే ఏమవుతుందో అతనొక్కడికే తెలుసు. పట్నం పొలిమేర నుంచి గతుకు కనిపించిన చోటల్లా దిగి నడిచాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

తల్లి విమలమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏందిర అది?"

"సారు ఇచ్చిండవ్వా. జర లోపల పెట్టాలె. నీళ్లు తగలొద్దు, నిప్పు తగలొద్దు."

"నీళ్లు తగలొద్దు, నిప్పు తగలొద్దంటే ఇగ ఏడ పెడతవు బిడ్డా? ఉన్నదే ఒక్క అర్ర."

చివరికి జొన్నల గుమ్మి వెనక, గోడ మూలన పెట్టాడు. గొంగడి కప్పాడు.

ఆ వాడలో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటివాడు గిద్యోను. తండ్రి భిక్షపతి అతని చిన్నప్పుడే పోయాడు. విమలమ్మ కూలికి పోయి ఇద్దరు కొడుకులనూ చదివించింది. పెద్దవాడు పట్నం కాలేజీలో డాక్టర్ కామేశం గారి దగ్గర పరిశోధన చేస్తున్నాడు. చిన్నవాడు సాముయేలు బీయేలో ఉన్నాడు, అంటే కాలేజీ నడిచినన్నాళ్లు. ఇప్పుడు కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి. ఎక్కడ చూసినా జై తెలంగాణ రాతలే. హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్ దాకా గోడల మీద కనిపించే ఆ రాతల్లో సగం సాముయేలు చేతివే.

కామేశం గారూ గిద్యోనూ చేస్తున్నది ఒక బ్యాటరీ. ఒక పక్క లిథియం. లోహాలన్నిటిలోకీ తేలికైనది, కిరసనాయిల్లో వేసినా తేలుతుంది. మరో పక్క గంధకం, బజార్లో తూకానికి దొరికేది. లెక్క ప్రకారం ఈ రెండిటినీ జత చేస్తే, మోటారు బండ్లలో మనిషి ఎత్తలేని సీసం బ్యాటరీ చేసే పని అరచేతిలో పట్టే వస్తువు చేస్తుంది. కానీ ఏ ద్రవంలో ముంచినా గంధకం అందులో కరిగి, మెల్లగా పాకి, లిథియం దగ్గరకు చేరి దాన్ని తినేసేది. బ్యాటరీ చచ్చిపోయేది. అసలు ద్రవమే వద్దు, మధ్యలో గట్టి బిళ్ల పెడదాం, లిథియాన్ని పోనిచ్చి గంధకాన్ని ఆపే బిళ్ల, అన్నారు కామేశం గారు. అలాంటి దాన్ని ఘన ఎలక్ట్రోలైట్ అంటారని పై దేశాల పత్రికల్లో అప్పుడప్పుడే వస్తోంది.

ఆ బిళ్లలు చేయడమే గిద్యోను పని. లిథియం ఉప్పును పొడిచేసి, తేమ పోయేలా వేడిచేసి, ప్రెస్సులో పెట్టి నొక్కేవాడు. కొన్ని ప్రెస్సులోనే పగిలేవి. కొన్ని గాలిలోని తేమను తాగి, పొద్దుటికి గంజిలా జారిపోయేవి. ఏళ్లు అలాగే గడిచాయి. ఈ ఎండల్లో ఒక బిళ్ల నిలిచింది. దాని రెండు పక్కలా లిథియమూ గంధకమూ పెట్టి తీగలు కలిపితే గాల్వనోమీటరు ముల్లు కదిలింది. వారం తర్వాత చూసినా కదిలింది. చిన్న బల్బు వెలిగేంత కరెంటు కూడా కాదది. కానీ గంధకం దాటలేదు. ఆ రోజు కామేశం గారు గిద్యోను భుజం మీద చెయ్యి వేశారు. అంతకు ముందెప్పుడూ వేసి ఎరగరు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ల్యాబు కిటికీ అద్దాలు పగిలాయి.

"ఏ రాయో తగిలి ఆ లిథియం సీసా పగిలిందనుకో," అన్నారు కామేశం గారు, "పైగా ఫైరింజను వచ్చి నీళ్లు కొట్టిందనుకో, ఇక ఈ గది మిగలదు. మా ఇంట్లో పెట్టుకోలేను, మా ఇంటి మీదే రాళ్లు పడుతున్నాయి. నువ్వు తీసుకుపోవోయ్. సద్దుమణిగాక తెద్దువుగాని."

ఆయనది బాపట్ల వైపు. పట్నం వచ్చి ఇరవై ఏళ్లు కావస్తున్నా మాట మారలేదు.

సాయంత్రం సాముయేలు వచ్చి గొంగడి ఎత్తి చూశాడు. మూతదాకా కిరసనాయిలు నింపి మైనంతో మూసిన సీసా, అందులో బూడిదరంగు ముక్కలు. పక్కన గంధకం పొట్లం. సున్నపురాళ్ల మధ్య బిళ్లలు దాచిన డబ్బా.

"గా ఆంధ్రోని సామాన్ మనింట్ల ఎందుకన్నా?"

"ఆంధ్రోనిది గాదు, నా పని అది."

"నీ పనా? రేపు నీకు డాక్టర్ పట్టా వస్తది. కొలువు ఎవనికొస్తది? వాళ్ల బామ్మర్దికొస్తది. నువ్వు బిళ్లలు నొక్కుకుంట ఉండు."

"ఆయన నాకు అన్యాయం చెయ్యలే సాముయేలూ."

"నీకు చెయ్యలే. ఊరికి?"

గిద్యోను గొంగడి మళ్లీ కప్పాడు. తమ్ముడి మాటలో నిజం ఉంది. తన భుజం మీద వేసిన సారు చేతిలోనూ నిజం ఉంది. ఆ రెండూ ఒకచోట ఎలా ఇముడుతాయో అతనికి తెలియలేదు. అన్నదమ్ములు ఆ పూట మాట్లాడుకోకుండానే తిన్నారు.

మృగశిర వచ్చింది. గాలిలో చెమ్మ మొదలైంది. గిద్యోనుకు బిళ్లల బెంగ పట్టుకుంది. డబ్బాలోని సున్నపురాళ్లు తేమ పీల్చి పిండి అవుతున్నాయి, కొత్తవి పెట్టకపోతే బిళ్లలు కరిగిపోతాయి. పొద్దున్నే చేవెళ్ల వెళ్లి, సున్నపు బట్టీలో అప్పుడే కాలిన రాళ్లు మూటగట్టుకుని తిరిగొచ్చాడు.

ఇంటి ముందు జనం ఉన్నారు. లోపల గుమ్మి బోర్లా పడి ఉంది. జొన్నలు వాకిలంతా చెల్లాచెదురైపోయాయి. విమలమ్మ ఆ జొన్నల మధ్య కూలబడి ఉంది.

"పోలీసోళ్లు తమ్ముని తీస్కపోయిన్రు బిడ్డా. గోడల మీద రాసినందుకని వచ్చిన్రు. గంతల నీ డబ్బ దొరికింది. బాంబులంట."

"నాదని చెప్పలేదా వాడు?"

"చెప్పలే. ఎవనిదిరా, ఎవనిదిరా అని కొడుతనే ఉన్నరు. నోరిప్పలే. నేను చెప్పబోతె నా దిక్కు జూసి తలకాయ ఊపిండు, చెప్పకు అని."

గిద్యోను చేతిలోని సున్నపు మూట జారి కిందపడింది. సైకిలెక్కాడు.

ఠాణాలో ఉన్న ఎస్సై కొత్తవాడు, గొడవల కోసం వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. సీసా అతని బల్ల మీదే ఉంది. లోపలి గదిలోంచి ఒక మూలుగు వినిపించింది. అది తమ్ముడి గొంతని గిద్యోను వెంటనే గుర్తుపట్టలేదు.

"అది నాది సార్. బాంబు కాదు. బ్యాటరీకి వాడే లోహం. కాలేజీది."

"కాలేజీది మీ ఇంట్లో ఎందుకుంది?"

"కాలేజీ మీద రాళ్లు పడుతున్నయి సార్. మా సారే తీస్కపొమ్మన్నడు."

"గంధకం కూడా బ్యాటరీకేనా?"

"అవును సార్."

ఎస్సై నవ్వాడు. "తమ్ముణ్ణి తప్పించాలని అన్న నెత్తిన వేసుకుంటున్నాడు. ఇలాంటివి చాలా చూశా. బాంబు కాదంటావు, అంతేగా?" అంటూ మైనం ఊడగొట్టి, పటకారుతో ఒక ముక్క తీశాడు.

"సార్, వద్దు సార్! నీళ్లకు చూపియ్యకున్రి!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూలనున్న నీళ్ల బకెట్టు అంతదాకా ఎస్సైకి గుర్తే లేదు. అతని నోట్లో సిగరెట్టు వెలుగుతోంది. బకెట్టు మీదికి వంగి ముక్కను వదిలాడు. అది సుయ్యిమంటూ నీళ్ల మీద పిచ్చిపట్టినట్టు పరుగులు తీసింది, ఆపైన భగ్గున మండింది. ఎర్రటి మంట. కానిస్టేబుళ్లు వెనక్కి దూకారు. ఎస్సై కనుబొమలు కమిలాయి.

"ఇది బ్యాటరీయా?" అని అరిచాడు. "బయటికి గెంటండి వీణ్ణి!"

చేవెళ్లలో వకీలు రాజమౌళి వాళ్లకు ఎరిగినవాడే. చర్చి తగాదాలో ఒకసారి సాయపడ్డాడు. గిద్యోను చెప్పిందంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"గోడల మీద రాసిన కేసు పెద్దది గాదు. గీ మందుగుండు కేసు నిలిచిందంటే రాజమండ్రి జైలుకు పంపుతరు. ఎప్పుడిడుస్తరో ఎవలకెర్క? నీ మాట మేజిస్ట్రేటు వినడు, నువ్వు సాముయేలుకు అన్నవు. గా లోహం ఎవరి పేర వచ్చిందో ఆయన రావాలె. గురువారం తమ్ముణ్ణి హాజరు పరుస్తరు. ఆయన వచ్చి నిలబడి నాదని చెప్పాలె."

"ఆయన ఆంధ్రాయన సార్."

రాజమౌళి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే కష్టమే," అన్నాడు.

రోడ్లు బందై పట్నం దారి దొరకడానికే రెండు రోజులు పోయాయి. గురువారం తెల్లవారకముందే గిద్యోను నల్లకుంటలో కామేశం గారి ఇంటి ముందున్నాడు. వరండాలో పెట్టెలు, చాపచుట్టలు, తాళ్లతో కట్టిన పుస్తకాలు ఉన్నాయి. కిటికీకి అద్దం బదులు అట్ట బిగించారు. కామేశం గారి భార్య కౌసల్యమ్మ తలుపు సగమే తెరిచింది.

"ఆయన ఎక్కడికీ రారు నాయనా. రేపటి బండికి మేం వాల్తేరు వెళ్లిపోతున్నాం."

వెనకనుంచి కామేశం గారు వచ్చారు. గడ్డం పెరిగింది. గిద్యోను చెప్తూ పోయాడు.

"నేను నోరు తెరిచానంటే ఎక్కడివాణ్ణో తెలిసిపోతుంది," అన్నారాయన. "చేవెళ్ల రోడ్డు మీద మావాళ్ల జీపును తగలబెట్టారట. నాకు ఇద్దరు ఆడపిల్లలు గిద్యోనూ. నేను రానంటే నువ్వేం చేస్తావు?"

"ఏం చెయ్యాల్నో తెల్వదు సార్. గీడనే కూసుంట."

నిజంగానే మెట్ల మీద కూర్చుండిపోయాడు. అతనికి ఇంకో చోటు లేదు, ఇంకో మనిషి లేడు. తలుపు మూసుకుంది. లోపల కౌసల్యమ్మ ఏడుపు, కామేశం గారి మాట, మళ్లీ ఏడుపు. ఎండ మెట్ల మీదికి వచ్చింది. తలుపు తెరుచుకుంది.

"ఆ సీసా నీ చేతికిచ్చింది నేను," అన్నారు కామేశం గారు చెప్పులు తొడుక్కుంటూ. మొహం చిరాగ్గా ఉంది. "పద. మళ్లీ ఇంకేదీ అడక్కు."

మొయినాబాద్ రోడ్డు మీద పోలేరు గనుక రైలెక్కారు. వికారాబాద్ వైపు పోయే ప్యాసింజరు ఆ రోజు నడిచింది, అదే అదృష్టం. ప్రతి స్టేషన్లోనూ ఆగి, ఆలోచించుకుని కదిలినట్టు కదిలింది. శంకర్‌పల్లిలో దిగి, సామాన్లు వేసే బ్రేకుపెట్టెలోంచి సైకిలు దించుకుని, చేవెళ్ల దారి పట్టారు. కామేశం గారు క్యారియరు మీద ఒక పక్కకు కూర్చున్నారు. గిద్యోను ఎదురుగాలిలో తొక్కుతున్నాడు. పొద్దు నడినెత్తి దాటింది.

"సార్, ఎవలన్న ఆపితే మీరు మాట్లాడకున్రి. మా మేనమామ అని చెప్త. మాట పడిపోయిందని చెప్త."

"సరే."

చేవెళ్ల కనుచూపు మేరలోకి వస్తుండగా రోడ్డుకడ్డంగా నరికిన తుమ్మచెట్టు పడి ఉంది. దాని వెనక కర్రలు పట్టుకుని మనుషులు. వాళ్లలో బాలమల్లును గిద్యోను గుర్తుపట్టాడు. సాముయేలు దోస్తు, వాళ్లింట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాడు. గిద్యోనుకు ప్రాణం లేచొచ్చింది. కానీ ముందుకొచ్చింది బాలమల్లు కాదు, ఎవరో ముఖం తెలియని మనిషి.

"ఎవలీయన?"

"మా మేనమామ. మాట పడిపోయింది. చేవెళ్ల దవాఖానకు తీస్కపోతున్న."

"నీకు మేనమామ ఏడున్నడన్నా?" అన్నాడు బాలమల్లు, కపటం లేకుండా, నిజంగానే తెలియక.

అంతే. మనుషులు దగ్గరగా వచ్చారు. కామేశం గారి కళ్లజోడు చూశారు, ఇస్త్రీ చొక్కా చూశారు. ముందున్న మనిషి కర్రతో ఆయన డొక్కలో పొడిచాడు.

"అమ్మా! ఎందుకయ్యా పొడుస్తావు?"

మాట నోటినుంచి జారిపోయింది. గుంపు ఒక్కసారిగా అరిచింది. "ఆంధ్రోడు! దొంగసాటుగ తీస్కపోతున్నడు!" సైకిలు పడిపోయింది. ఎక్కడినుంచో రాయి వచ్చింది. కామేశం గారు నుదురు పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డారు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. కళ్లజోడు ఎవరి కాలికిందో నలిగింది.

గిద్యోను ఆయన మీద బోర్లా పడ్డాడు. వీపు మీద కర్రలు పడుతున్నాయి. అతను అరుస్తున్నది తన గొంతులా లేదు.

"బాలమల్లూ! సాముయేలును ఇడిపియ్యగలిగినోడు గీయనొక్కడేర! గీయనను సంపితే మీ సాముయేలును సంపినట్టే! కొట్టున్రి, కొట్టున్రి మరి!"

బాలమల్లు ఒక్కక్షణం చెట్టులా నిలబడ్డాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మీదా తానూ పడ్డాడు. "ఆగున్రే! ఆగున్రి! గీన సాముయేలు అన్న! మన సాముయేలు అన్న!"

కర్రలు ఆగాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఎవరో చెట్టును కొంచెం పక్కకు లాగారు. బాలమల్లు తన తువ్వాల చింపి కామేశం గారి తలకు కట్టాడు. ఆయన్ని సైకిలు సీటు మీద కూర్చోబెట్టి చెరో పక్కా పట్టుకుని నడిపించారు.

"ముందుగాలనే నిజం చెప్పకపోతివి అన్నా," అన్నాడు బాలమల్లు. ఏడుస్తున్నాడు.

"నిజం చెప్తే పోనిస్తుంటిరా?"

బాలమల్లు మిగిలిన తువ్వాల ముక్కతో కళ్లు తుడుచుకుని సైకిలు నెట్టాడు. దారిలో కామేశం గారు ఒకసారి, కళ్లు మూసుకునే, "టైమెంతయిందోయ్?" అని అడిగారు.

కచేరీలో రాజమౌళి అప్పటికి మూడు సార్లు వాయిదా అడిగి చివాట్లు తిన్నాడు. మేజిస్ట్రేటు లేవబోతున్నాడు. గుమ్మంలో నెత్తురోడుతున్న మనిషిని చూసి మళ్లీ కూర్చున్నాడు.

వరండాలో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య సాముయేలు నేల మీద కూర్చుని ఉన్నాడు. అతని పక్కనే సీసా, గంధకం పొట్లం, బిళ్లల డబ్బా. గిద్యోను చూపు మొదట పోయింది డబ్బా మీదికే. మూత తెరిచి ఉంది. సున్నం పిండిపిండి అయిపోయింది. దాని మధ్య బిళ్లలు లేవు, పసుపుపచ్చని జిగట మడుగు ఉంది. నాలుగు రోజులు వాన గాలికి అలాగే వదిలేశారు. ఆ తర్వాతే గిద్యోను తమ్ముడి పాదాలు చూశాడు. ఉబ్బి, నల్లబడి, నేలకు ఆనించలేక పక్కకు తిప్పి పెట్టుకున్న పాదాలు. ముందు బిళ్లల్ని చూసినందుకు తన మొహం మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

"ఆ లోహం నాది," అన్నారు కామేశం గారు బల్ల పట్టుకుని నిలబడి. "దిగుమతి లైసెన్సు నా పేర ఉంది. ఇతని చేతికిచ్చింది నేను. ఆ కుర్రాడికి దాని పేరు కూడా తెలియదు."

"నీళ్లలో వేస్తే మండింది సార్. కళ్లారా చూశాను," అన్నాడు ఎస్సై.

"మండుతుంది. కిరసనాయిలూ మండుతుంది, ఇంటింటా ఉంటుంది. మీరు సిగరెట్టు నోట్లో పెట్టుకుని వేశారట. చేతులు మిగిలినందుకు సంతోషించండి."

మేజిస్ట్రేటు ఎస్సై కనుబొమలకేసి చూశాడు. "బ్యాటరీ అంటున్నారు. పనిచేసి చూపించగలరా?"

కామేశం గారు డబ్బా తెప్పించుకున్నారు. కళ్లజోడు లేదు గనుక ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"వారం కిందట చూపించగలిగేవాణ్ణి," అన్నారు. "ఇప్పుడు ఇందులో ఏమీ లేదు."

రాజమౌళి లేచి ఏదో చట్టం మాట చెప్పబోయాడు. మేజిస్ట్రేటు చెయ్యెత్తి ఆపాడు.

"మీ తల మీద దెబ్బ ఎవరు కొట్టారు?"

గుమ్మంలో బాలమల్లు ఉన్నాడు. అతని భుజం మీద మిగిలిన తువ్వాల ముక్క నెత్తురుతో ఎండిపోయింది. కామేశం గారికి అంతదూరం కనిపించదు. అయినా తల అటే తిప్పారు.

"దారిలో తగిలింది. దానికో కేసు మొదలుపెడితే ఇది ఇవాళ తేలదు. నాకు రైలుంది. ముందు ఈ కుర్రాడి సంగతి చూడండి."

మందుగుండు కేసు కొట్టేశారు. గోడరాతల కేసులో సాముయేలును జామీను మీద వదిలారు. కానీ ఆ లోహాన్ని ఈ అల్లర్లలో ఎవరి దగ్గరా ఉంచడానికి వీల్లేదనీ, పొద్దుగూకేలోపు పోలీసుల ఎదుట దాన్ని నాశనం చేయాలనీ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చాడు.

కచేరీ వెనక పశువులు నీళ్లు తాగే రాతి తొట్టి ఉంది. అందరినీ దూరంగా నిలబెట్టారు. గిద్యోను పటకారు పట్టుకున్నాడు. ఒక్కో ముక్కను సన్నగా కోసి, కిరసనాయిలు తుడిచి, నీళ్లలో వదిలాడు. అది బుసలు కొడుతూ ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తి, చిన్నదై, ఇంకా చిన్నదై, లేకుండా పోయేది. ఆ తర్వాత ఇంకో ముక్క. కామేశం గారు తొట్టి పక్కన రాయి మీద కూర్చుని ఆ బుసలు వింటున్నారు.

"ఈ సీసా తెప్పించడానికి నేను ఢిల్లీకి ఎన్నిసార్లు తిరిగానో తెలుసుటోయ్?" అన్నారు. "మళ్లీ తెప్పించే ఓపిక నాకు లేదు. అక్కడ నాకు ల్యాబు ఇస్తారో ఇవ్వరో కూడా తెలియదు."

గిద్యోను ఇంకో ముక్క వదిలాడు.

"నువ్వు వాల్తేరు రాకూడదూ? నేను అడుగుతాను. స్కాలర్‌షిప్పు రావచ్చు."

"తమ్ముని కాళ్లు మాననియ్యున్రి సార్."

ఆయన తలూపారు. రాడని ఆయనకు అర్థమైంది, రాలేనని అతనికీ తెలుసు. తర్వాతి ఏడాది కాలేజీ తెరిచారు గానీ ఆ బల్ల దగ్గర ఇంకెవరో ఇంకేదో పని మొదలుపెట్టారు. గిద్యోను చేవెళ్ల బడిలో సైన్సు పంతులయ్యాడు. కామేశం గారిని మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రం మాత్రం చివరి ముక్క కరిగాక గిద్యోను తొట్టి నీళ్లన్నీ బిందెతో ఎత్తి దూరంగా పారబోశాడు. ఆ నీళ్లు తాగితే పశువుల నోళ్లు కాలిపోతాయి. తొట్టి కడిగి, బావి నుంచి మంచినీళ్లు తోడి పోయసాగాడు. సగం నిండాక బాలమల్లు వచ్చి బిందె అందుకున్నాడు.

బాలమల్లే బండి కట్టి కామేశం గారిని శంకర్‌పల్లి స్టేషనుకు తీసుకెళ్లాడు. ఎవరూ గుర్తుపట్టకుండా తలపాగా చుట్టాడు. బండి కదిలేముందు గిద్యోను ఆయన కాళ్లకు వంగాడు. ఆయన వెనక్కి జరిగి, "చాల్లేవోయ్," అన్నారు. గొంతులో కోపం ఇంకా ఉంది. అది ఎవరి మీదో ఆయనకే తెలియదేమో.

ఇంట్లో విమలమ్మ ఉప్పు వేసి నీళ్లు కాస్తోంది. సాముయేలు గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"అన్నా, గా సారుకు నెత్తురెట్ల కారింది?"

గిద్యోను దాచకుండా చెప్పాడు.

"మనోళ్లేనా?"

"మనోళ్లే."

"బాలమల్లు ఉండెనా అండ్ల?"

"ఉండె. అడ్డం పడ్డది గూడ వాడే."

సాముయేలు కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరవకుండానే, "మంచోడే గా సారు," అన్నాడు. "కని అన్నా, కాళ్లు మానినంక నేను మల్ల పోత. నువ్వేమనకు."

"నేనేమన."

"గాయనొక్కడు మంచోడైతే మన కొలువులు మనకొచ్చినట్టు గాదు గదా."

"గాదు."

"నాకు కోపం గాయన మీద గాదన్నా."

"నాకెర్క."

విమలమ్మ బొగ్గులు ఎగదోసింది. నీళ్లు సలసలమంటున్నాయి.

"ఇంతకు ఏందది?" అన్నాడు సాముయేలు. "గిన్ని దెబ్బలు తిన్న. ఏందో నాకింక తెల్వనే తెల్వదు."

గిద్యోను చెప్పాడు. లిథియం సంగతి, గంధకం సంగతి, రెంటి నడుమ నిలిచిన ఆ ఒక్క బిళ్ల సంగతి. ముల్లు కదిలిన రోజు సంగతి. ఇన్నేళ్లలో తమ్ముడు అడగడం అదే మొదలు. సాముయేలు నొప్పికి పళ్లు బిగబట్టి, మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు.

"మల్ల చేస్తవా?"

"లిథియం లేదు గదరా."

"తెప్పిస్తరు గదా, పై దేశంకెల్లి."

తల్లి వేడినీళ్ల గిన్నె తెచ్చి ముందు పెట్టింది. గిద్యోను తమ్ముడి మడమ కింద అరచెయ్యి ఆనించి, కదలకుండా మెల్లగా ఎత్తాడు.

"తెప్పిస్తరు," అన్నాడు.